ఊరు ఊరంతా ఒకే మాట మీద ఉందంటే

ఫ్యాక్షన్ గట్టిగా నడిచిన రోజుల్లో కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో కొన్ని పల్లెల ఓట్ల పెట్టె తెరిస్తే దాదాపు అన్ని ఓట్లూ ఒకే గుర్తు మీద పడి ఉండేవి. ఎదుటి పార్టీ తరఫున బూత్‌లో కూర్చోవడానికి ఏజెంటు కూడా దొరికేవాడు కాదు. ఎక్కడో హైదరాబాదులో కూర్చుని ఆ అంకెలు చూసినవాడికి ఊరు ఊరంతా ఆ నాయకుడి మీద ప్రాణం పెట్టినట్టు కనిపిస్తుంది. ఊళ్లో ఉన్నవాళ్లకు అసలు సంగతి తెలుసు. అందులో కొంత నిజమైన అభిమానమే, పంచాయితీ తీర్చాడనో, పిల్ల పెళ్లికి డబ్బు సర్దాడనో, అవతలి వర్గం నుంచి కాపాడాడనో. కొంత పాత కక్ష. మిగతాదంతా "మనకెందుకుప్పా" అన్న ఒక్క మాట. పొద్దున లేస్తే ఆ వీధిలోనే నడవాలి, ఆ కాలవ నీళ్లే పారించుకోవాలి, పిల్లలు ఆ బస్సే ఎక్కాలి. ఓటు దగ్గర పంతానికి పోయి ఇవన్నీ పోగొట్టుకోవడం ఎవరికి కావాలి?

తర్వాత ఎప్పుడో ఒక రోజు ఆ ఊరే ఎదురుతిరిగితే, హైదరాబాదులో కూర్చున్న మనిషి ఈసారి ఇంకో మాట అంటాడు. "వీళ్లకు అంత ధైర్యం ఎక్కడిది, వెనక ఎవరో ఉండి ఆడిస్తున్నారు" అంటాడు. ఊరు నోరు మూసుకుంటే అది ఇష్టం, నోరు తెరిస్తే అది కుట్ర. నియంతల కింద బతికే దేశాల్లో జనం వీధుల్లోకి వచ్చినప్పుడు బయటివాళ్లు చేసే పొరపాటు కూడా సరిగ్గా ఇదే, ఊరి బదులు దేశం అని పెట్టుకుంటే చాలు. ఇరాన్ గురించి, శ్రీలంక గురించి, బంగ్లాదేశ్ గురించి మన దగ్గర నడిచిన చర్చలు గుర్తు చేసుకోండి. అక్కడి మనుషులు ఏం అడుగుతున్నారు అన్న ప్రశ్న వాటిలో ఎంతసేపు నిలబడింది? సీమలో పుట్టినవాళ్లకు ఈ మౌనం సంగతి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు, కానీ పక్క దేశం విషయానికి వచ్చేసరికి మనం కూడా ఆ హైదరాబాదు మనిషి కుర్చీలోనే కూర్చుంటున్నాం.

ఈ మౌనం ఎలా పనిచేస్తుందో తిమూర్ కురాన్ అనే ఆర్థికవేత్త చాలా పని చేసి వివరించాడు. ఆయన చెప్పింది మన మాటల్లో పెడితే ఇంతే: మనిషి మనసులో ఒకటి ఉంటుంది, నలుగురిలో ఇంకొకటి చెబుతాడు. పాలకుడంటే కోపం ఉన్నా, ఆ కోపం తన ఒక్కడికే ఉందేమో అని భయం. పక్కింటివాడూ అలాగే అనుకుంటాడు, ఎదురింటివాడూ అంతే. అందరికీ కోపం ఉంది, అందరూ తామొక్కరే అనుకుంటున్నారు. ఎవరో ఒకరు, పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాడు, బయటికి వచ్చి అరుస్తాడు. వాణ్ణి చూసి ఇంకో పదిమంది, ఆ పదిమందిని చూసి వందమంది. నిన్నటిదాకా లేని గుంపు ఒక్క రాత్రిలో పుట్టినట్టు కనిపిస్తుంది కానీ ఆ కోపం ఎప్పటినుంచో అక్కడే ఉంది, లెక్కలోకి రాలేదంతే.

రుమేనియాలో 1989 నవంబరు నెలాఖరులో కమ్యూనిస్టు పార్టీ మహాసభ జరిగింది. చౌషెస్కూను మళ్లీ నాయకుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు, ఒక్కడు కూడా కాదనలేదు, నిలబడి చప్పట్లు కొట్టారు. డిసెంబరు 21న ఆయన రాజధానిలో జనాన్ని పోగేసి మాట్లాడుతుంటే వెనక నుంచి అరుపులు మొదలయ్యాయి, ఆయన మొహంలో రంగు మారడం టీవీలో దేశమంతా చూసింది. డిసెంబరు 25న ఆయన్నీ ఆయన భార్యనూ కాల్చి చంపారు. ఏకగ్రీవానికీ తుపాకీ గుండుకూ మధ్య సరిగ్గా నెల రోజులు! ఆ నెలలో రుమేనియా జనం మనసు మారిపోయిందనుకుంటే పొరపాటు. వాళ్ల మనసు ఎప్పుడో మారింది, అది ఒకరికొకరికి తెలిసింది మాత్రం ఆ నెలలో. ఇలా ముగియడం మంచిదని ఎవరూ అనరు, విచారణ పేరుతో గంటలో ముగించిన ఆ చావు న్యాయం కాదు. కానీ "నిన్నటిదాకా బాగానే ఉన్నారు కదా" అన్న మాట ఎంత గుడ్డిదో చెప్పడానికి దీనికంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

అంత దూరం ఎందుకు, మన నంద్యాలనే తీసుకోండి. 1975 జూన్ 25 రాత్రి దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు, 1977 మార్చి దాకా ఉంది. పత్రికలకు సెన్సారు, నాయకులకు జైలు. ఎమర్జెన్సీ మీద తర్వాత విచారణ జరిపిన షా కమిషన్ లెక్క ప్రకారం, విచారణ లేకుండా జైల్లో పెట్టే మీసా చట్టం కింద, దేశ రక్షణ నిబంధనల కింద కలిపి 1,10,806 మందిని లోపల వేశారు. 1977 ఎన్నికల్లో ఉత్తరాది మొత్తం కాంగ్రెస్‌ను ఊడ్చేసింది, యూపీలో 85 సీట్లలో ఒక్కటీ రాలేదు, బీహార్‌లో 54లో ఒక్కటీ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. పోయిన ఆ ఒక్క సీటు అప్పటి కర్నూలు జిల్లా నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి, ఆ జులైలోనే ఆయన రాష్ట్రపతి అయ్యారు.

41 అనే అంకె చూసి బయటివాళ్లు చెప్పిన తీర్పు ఇప్పటికీ వినిపిస్తుంది: దక్షిణాదికి ఎమర్జెన్సీ నచ్చింది, ఆంధ్రవాళ్లకు స్వేచ్ఛ పట్టదు. ఇందులో కొంత నిజం లేకపోలేదు, దాన్ని దాచడం కూడా సరికాదు. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, వాటిలో బలవంతం ఎక్కువగా ఉత్తరాది పల్లెల మీద పడింది, పోలీసులు ఊళ్లను చుట్టుముట్టి మగవాళ్లను లాక్కెళ్లిన అనుభవం మనవాళ్లలో చాలామందికి లేదు. ఇక్కడ ఇళ్ల స్థలాలు పంచారు, బాకీల నుంచి ఊరట అన్నారు, ఊరి పెద్దలంతా కాంగ్రెస్‌లోనే ఉన్నారు, ప్రతిపక్షానికి చెప్పుకోదగ్గ బలం లేదు. పత్రికల్లో ఏమీ రానప్పుడు జైళ్లలో ఏం జరుగుతుందో ఆళ్లగడ్డ రైతుకు ఎలా తెలుస్తుంది?

కానీ అదే రాష్ట్రంలో ఎమర్జెన్సీ పెట్టిన నెలకే గిరాయిపల్లి అడవిలో నలుగురు కుర్రవాళ్లను కాల్చి చంపి ఎన్‌కౌంటర్ అన్నారు. 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతుకూలీ ఉద్యమకారులను ఉరి తీశారు, వద్దని దేశ విదేశాల నుంచి విన్నపాలు వచ్చినా ఆగలేదు. అనంతపురం జిల్లా మనిషి తరిమెల నాగిరెడ్డి అజ్ఞాతంలోకి వెళ్లి, ఆ అజ్ఞాతంలోనే 1976 జులై 28న చనిపోయాడు. ఈ నాగిరెడ్డి తోబుట్టువే సంజీవరెడ్డి భార్య. 1952లో జైల్లో ఉండి పోటీ చేసి అనంతపురంలో ఈ బావగారినే ఓడించిన మనిషి ఆయన. ఒకే జిల్లా, ఒకే కుటుంబం, ఒకరు అజ్ఞాతంలో దొంగపేరుతో చావడం, ఇంకొకరు ఏడాది తిరిగేసరికి దేశానికి రాష్ట్రపతి కావడం. 41 అనే అంకెలో ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది? ఆ అంకె అబద్ధం కాదు. జనం నిజంగానే ఓట్లు వేశారు. దాని నుంచి "వాళ్లకు అణచివేత ఇష్టం" అనే మాట లాగడమే అబద్ధం.

ఎమర్జెన్సీ గురించి ఇంకో మాట. అప్పట్లో ఢిల్లీ పెద్దల నోట ఎక్కువగా వినిపించిన పదం "విదేశీ హస్తం". జయప్రకాశ్ నారాయణ్ వెనక విదేశాలున్నాయని, విద్యార్థుల వెనక ఎవరో ఉన్నారని. మన దేశం మీద ఆ మాట అన్నప్పుడు మనకు నవ్వొచ్చింది, కోపం వచ్చింది. గుజరాత్‌లో 1973 డిసెంబరులో హాస్టల్ మెస్ బిల్లు పెరిగిందని మొదలైన గొడవకు అమెరికా దాకా పోవడం దేనికి? అయినా ఈరోజు టెహ్రాన్‌లోనో ఢాకాలోనో జనం రోడ్డెక్కితే మన ఫోన్లలో తిరిగే మొదటి మెసేజ్ ఇదే: ఇదంతా సీఐఏ ఆట.

ఈ అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు, అందుకే దీన్ని తీసిపారేయకుండా విప్పి చూడాలి. ఇరాన్‌లో 1953లో ఎన్నికైన ప్రధాని మొసాదెక్‌ను అమెరికా, బ్రిటన్ గూఢచార సంస్థలు కలిసి కూలదోశాయి, నూనె బావులను ఆయన జాతీయం చేశాడన్నది అసలు కోపం. 2013లో సీఐఏ తన పాత్రను కాగితాల్లో ఒప్పుకుంది కూడా. అలాంటి చరిత్ర ఉన్న దేశంలో విదేశీ హస్తం అనే మాటకు బలం ఉంటుంది, పాలకులకు అది బాగా పనికొస్తుంది. అయితే ఒక తేడా ఉంది. 1953లో కొందరు సైనికాధికారులను, కొన్ని పత్రికలను, డబ్బిచ్చి పోగేసిన గుంపులను వాడుకుని కొన్ని రోజుల్లో పని ముగించారు. 2022లో హిజాబ్ బలవంతం మీద ఇరాన్‌లో లేచిన తిరుగుబాటు జరిగింది దేశంలోని అన్ని ప్రాంతాల్లో, ఇస్కూలు పిల్లల నుంచి ముసలమ్మల దాకా, నెలల తరబడి. బయటి దేశం మంట మీద నూనె పోయగలదు, పోస్తుంది కూడా. లక్షల ఇళ్లలో ఎండుకట్టెలు పేర్చడం మాత్రం దాని వల్ల కాదు, అది లోపలి పాలకులు ఏళ్ల తరబడి చేసుకున్న పని.

తిరుగుబాటును చిన్నది చేసి చెప్పడం కొత్త విద్య కూడా కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. కోయిలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. కుంఫిణీ దొరల కాగితాల్లో దానికి రాసుకున్న కారణం ఏమిటంటే తవర్జీ గొడవ, అంటే పాత పాలెగాళ్ల వంశానికి నెలనెలా ఇచ్చే భత్యంలో తన వాటా రాలేదని ఆయనకు కోపం. ఆ కోపం నిజమే. కానీ నెలకు పదకొండు రూపాయల చిల్లర భత్యం కోసం వేలమంది జనం ఆయన వెంట ఎందుకు నడుస్తారు? కట్టుబడి మాన్యాలు పోయినవాళ్లు, ఊరి కాపలా పనికి తరతరాలుగా అనుభవించిన భూమిని కుంఫిణీ లాగేసుకుంటే రోడ్డున పడ్డవాళ్లు, ఆయన వెనక నిలబడ్డారు. అది వాళ్ల తవర్జీ కాదు, వాళ్ల తిండి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరి తీసి, తలను కోట బురుజుకు ఏళ్ల తరబడి వేలాడదీశారు. ఒక్క మనిషి పింఛను గొడవే అయితే తలను అంతకాలం జనానికి చూపించాల్సిన అవసరం ఎవరికుంటుంది? దొరల కాగితం ఒక కథ చెప్పింది, రేనాటి పల్లెల్లో పాడుకున్న పాటలు ఇంకో కథ చెప్పాయి. బయటివాడి చేతికి ఎప్పుడూ ముందు కాగితమే అందుతుంది.

ఇరాన్ సంగతికి వద్దాం, మన దగ్గర ఎక్కువ తప్పుగా అర్థమైంది అదే కాబట్టి. 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ అనే 22 ఏళ్ల కుర్దు అమ్మాయి టెహ్రాన్ వచ్చినప్పుడు హిజాబ్ సరిగా వేసుకోలేదని అక్కడి నైతిక పోలీసులు పట్టుకెళ్లారు, సెప్టెంబరు 16న ఆసుపత్రిలో చనిపోయింది. ఆమె సొంతూరు సక్కెజ్‌లో అంత్యక్రియల దగ్గర మొదలైన నినాదం దేశమంతా పాకింది. కుర్దుల భాషలో "జిన్, జియాన్, ఆజాదీ", ఫార్సీలో "జన్, జిందగీ, ఆజాదీ". స్త్రీ, జీవితం, స్వేచ్ఛ. కడపలో పెద్ద దర్గా చుట్టుపక్కల వీధుల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ నినాదానికి తర్జుమా అక్కర్లేదు, జిందగీ అన్నా ఆజాదీ అన్నా పసిపిల్లలకు కూడా తెలుసు. తర్వాతి నెలల్లో ఎంతమంది పోయారన్నది ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2024లో చెప్పింది: భద్రతా దళాల చేతుల్లో 551 మంది దాకా చనిపోయారు, అందులో కనీసం 49 మంది ఆడవాళ్లు, 68 మంది పిల్లలు. ప్రదర్శనల్లో పాల్గొన్న కుర్రవాళ్లను డిసెంబరులో ఉరి తీయడం మొదలుపెట్టారు, ఒకతన్ని మషద్‌లో అందరూ చూస్తుండగా క్రేన్‌కు వేలాడదీశారు.

అదే ఏడాది మన పక్క రాష్ట్రం కర్ణాటకలో కాలేజీల్లో హిజాబ్ గొడవ నడిచింది. అనంతపురం జిల్లా సరిహద్దు దాటితే కర్ణాటకే, ఇక్కడి పిల్లలు చాలామంది బళ్లారి, బెంగళూరు కాలేజీల్లో చదువుతారు, కాబట్టి అది మనకు దూరపు గొడవేం కాదు. మార్చిలో హైకోర్టు తీర్పు, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట. ఆ అక్టోబరులోనే ఇరాన్ వీధులు మండుతున్నాయి. ఇంకేముంది, ఇక్కడి చర్చలో ఇరాన్ ఆడవాళ్లు రెండు వర్గాలకూ పనిముట్లయ్యారు. ఒకళ్లు "చూశారా, ముస్లిం దేశంలోనే తీసిపారేస్తున్నారు, మీకెందుకు" అని ఇక్కడి ఆడపిల్లల మీదికి వెళ్లారు. ఇంకొందరు ఇరాన్‌లో జరిగేదంతా పాశ్చాత్య దేశాలు మతం మీద చేస్తున్న దాడి అని కొట్టిపారేశారు. సక్కెజ్‌లో తల మీది గుడ్డ తీసి గాల్లో ఊపిన ఆడమనిషి ఏం అడిగిందో రెండు వర్గాలూ వినలేదు.

ఇరాన్ చరిత్రలోనే దీనికి జవాబుంది. 1936లో రెజా షా అనే రాజు పరదా నిషేధించాడు, పోలీసులు రోడ్డు మీద ఆడవాళ్ల చాదర్లు లాగారు, ఎంతోమంది ఇల్లు దాటడమే మానేశారు. 1979 విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని తప్పనిసరి చేసింది, 1983 నుంచి వేసుకోకపోతే 74 కొరడా దెబ్బలు అని చట్టం చేసింది. విప్లవం గెలిచిన నెలలోపే, 1979 మార్చి 8న, వేలమంది ఆడవాళ్లు టెహ్రాన్‌లో ఊరేగింపు తీసి ఈ బలవంతం వద్దన్నారు. వాళ్లలో చాలామంది ఆ రెజా షా కొడుకైన షాను దించడానికి నడిచినవాళ్లే. లాగినవాడూ పోలీసే, కప్పినవాడూ పోలీసే. అడిగింది గుడ్డ గురించి కాదు, ఆ చెయ్యి గురించి. ఇది అర్థమైతే బళ్లారిలో వేసుకుంటానన్న పిల్లా, టెహ్రాన్‌లో తీసేస్తానన్న పిల్లా ఒకే మాట అంటున్నారని తెలుస్తుంది. నా తల మీద ఏముండాలో చెప్పడానికి నువ్వెవరు? ఈ మాట రాసేటప్పుడు మెత్తగా రాయాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. 2022 ఇరాన్‌ను ప్రపంచం చూసింది, 2019 ఇరాన్‌ను చూడలేదు. ఆ నవంబరులో పెట్రోలు ధర ఒక్క రాత్రిలో పెంచేశారు, చిన్న చిన్న పట్టణాల్లో పేద మగవాళ్లు, పనుల్లేని కుర్రవాళ్లు రోడ్డెక్కారు. ప్రభుత్వం దాదాపు వారం రోజులు ఇంటర్నెట్ మొత్తం ఆపేసి కాల్చింది. ఆమ్నెస్టీ సంస్థ 300 మందికి పైగా చనిపోయిన వివరాలు పేర్లతో సహా పోగేసింది. బయటి టీవీల్లో ఎంతసేపు వచ్చింది? వీడియో లేకపోతే వార్త లేదు, వార్త లేకపోతే ఆ చావులూ లేవు. పైగా అందులో ఎవరి కథకూ సరిపోయే బొమ్మ లేదు, ఉన్నది పెట్రోలు ధర, తిండి ఖర్చు. మన దగ్గర కూడా వేరుశనగ రైతు ధర్నా జిల్లా పేజీ దాటి మొదటి పేజీకి ఎక్కేది ఎన్నిసార్లు?

శ్రీలంక కథ దీనికి తిరగేసిన కథ. అక్కడ అందరూ చూశారు, చూసింది మాత్రం ఈతకొలను. 2022 జులై 9న జనం అధ్యక్షుడి భవనంలోకి దూసుకెళ్లి కొలనులో దూకిన వీడియో చూడని ఫోన్ లేదు. దాని ముందు ఏడాదికి పైగా నడిచింది ఎవరూ చూడలేదు. 2019లో 52 శాతం ఓట్లతో గెలిచిన గొటబయ రాజపక్స రాజ్యాంగం మార్చి అధికారమంతా తన గుప్పిట్లో పెట్టుకున్నాడు, అన్నదమ్ములను మంత్రులు చేశాడు, పన్నులు తగ్గించి ఖజానా ఖాళీ చేశాడు, 2021లో ఉన్నపళంగా రసాయన ఎరువులు నిషేధించాడు. ఎరువు లేకుండా ఒక్క కారు వరి ఎలా ఉంటుందో కేసీ కాలవ కింద రైతును అడిగితే చెబుతాడు. డాలర్లు అయిపోయాయి, గ్యాసు లేదు, మందులు లేవు, పెట్రోలు క్యూలో నిలబడి మనుషులు చచ్చిపోయారు. ఏప్రిల్ 9 నుంచి గాలే ఫేస్ మైదానంలో డేరాలు వేసుకుని మూడు నెలలు కూర్చున్నారు. అక్కడ సింహళీయులు, తమిళులు, ముస్లిములు కలిసి రంజాన్ ఇఫ్తార్ చేసుకున్నారు. అంతర్యుద్ధంలో చనిపోయిన తమిళులను తలచుకుంటూ మే 18న గంజి పంచుకున్నారు, కొలంబో నడిబొడ్డున అది ఎంత పెద్ద సంగతో ఆ దేశం చరిత్ర తెలిసినవాళ్లకే తెలుస్తుంది. భవనంలో దొరికిన కోటీ డెబ్బై లక్షలకు పైగా రూపాయల నోట్లను లెక్కపెట్టి పోలీసులకు అప్పజెప్పింది కూడా ఆ భవనంలోకి దూసుకెళ్లిన కుర్రవాళ్లే.

మన దగ్గర ఇవేవీ మాట్లాడుకోలేదు. 2022లో మన రాష్ట్రంలో శ్రీలంక అన్నది ఒక తిట్టు. రాష్ట్రం అప్పులు పెరిగాయి, శ్రీలంక అయిపోతుంది అని ఒక పార్టీ, కాదు మీ హయాంలోనే అప్పులు ఎక్కువ అని ఇంకో పార్టీ. అప్పుల గురించి మాట్లాడటం తప్పేం కాదు, మాట్లాడాల్సిందే. కానీ ఒక దేశం తన నియంతను దించుకున్న సంగతి మనకు వడ్డీ లెక్కగా మాత్రమే మిగిలింది. 2024లో అదే శ్రీలంక జనం పాత కుటుంబాలను పక్కనపెట్టి అనుర కుమార దిసనాయకేను ఎన్నుకున్నారు, ఓట్ల ద్వారా, రక్తం లేకుండా. అప్పటికి మన చర్చల్లోంచి శ్రీలంక ఎప్పుడో వెళ్లిపోయింది.

బంగ్లాదేశ్ విషయంలో మన చూపు ఇంకా ఇరుకు. 2024 జులైలో ఢాకా విద్యార్థులు లేచింది ఉద్యోగాల్లో 30 శాతం కోటా మీద, అది 1971 యుద్ధ వీరుల వంశానికని పేరు, పార్టీవాళ్లకే దక్కుతోందని వాళ్ల కోపం. గ్రూప్స్ పరీక్షల కోసం కర్నూలులోనో అనంతపురంలోనో గదులు అద్దెకు తీసుకుని ఏళ్ల తరబడి చదివే పిల్లల కంటే దీన్ని బాగా అర్థం చేసుకోగలిగేది ఎవరు? జులై 16న రంగ్‌పూర్‌లో చేతులు చాచి నిలబడిన ఒక విద్యార్థిని పోలీసులు కాల్చారు, ఆ తర్వాత అది కోటా గొడవగా ఆగలేదు. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం వదిలి ఇక్కడికి వచ్చారు. ఆ వారాల్లో 1,400 మంది దాకా చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది. మన టీవీలకు కావాల్సింది రెండే ప్రశ్నలు: హసీనా మనకు మిత్రురాలు, ఇక మనకేం నష్టం? హిందువుల మీద దాడులు జరిగాయా? దాడులు జరిగాయి, ఐక్యరాజ్యసమితి నివేదికే ఆ మాట చెప్పింది, దాన్ని దాచేవాళ్లు కూడా అన్యాయమే చేస్తున్నారు. హిందూ ఇళ్లకు కాపలా కాసిన విద్యార్థులూ ఉన్నారు, ఇల్లు కాలిపోయిన కుటుంబాలూ ఉన్నాయి. రెండూ నిజమే. కానీ ఆగస్టు దాడులను చూపించి జులై చావులను చెరిపేయడం మాత్రం కుదరదు.

దూరం నుంచి చూసేవాడికి దేన్ని గమనించాలో తెలియక కాదు, చూసే చోటు తప్పు. ఎంత పెద్ద గుంపు అన్నది ముందు చూస్తాం. దానికంటే ఎవరు కొత్తగా వచ్చి చేరారన్నది ముఖ్యం. విద్యార్థుల పక్కన తల్లులు వచ్చారా, కూలీలు పని ఆపారా, లాయర్లు కోటు వేసుకుని రోడ్డెక్కారా? అన్నిటికంటే ముఖ్యం తుపాకీ పట్టుకున్నవాడు ఏం చేస్తున్నాడన్నది. ఢాకాలో చివరి రోజున సైన్యం జనం మీద కాల్చనంది, అంతటితో అయిపోయింది. బర్మాలో 2021 ఫిబ్రవరి 1 తర్వాత లక్షలమంది రాత్రిపూట గిన్నెలు కొట్టారు, డాక్టర్లు, టీచర్లు ఉద్యోగాలు వదిలేశారు, అయినా సైన్యం చీలలేదు, ఆ దేశం యుద్ధంలోకి జారిపోయింది. బర్మా జనానికి ధైర్యం తక్కువై కాదు. శాంతియుత ఉద్యమాలు సాయుధ పోరాటాల కంటే దాదాపు రెట్టింపు సార్లు గెలిచాయని గత శతాబ్దపు ఉద్యమాలను వందల్లో పోగేసి ఎరికా చెనోవెత్ అనే అమెరికా పరిశోధకురాలు లెక్క తేల్చింది. సిపాయి కూడా ఎవరి ఇంటి బిడ్డో, ఎదురుగా ఉన్నది తన చెల్లెలి ఈడు పిల్ల అయితే చెయ్యి వణుకుతుంది. అందుకే పాలకులు దూరపు ప్రాంతం నుంచి, వేరే భాషవాళ్లను తెచ్చి కాపలా పెడతారు.

గల్ఫ్‌లో అది మరీ ఎక్కువ, ఉమ్మడి కడప జిల్లాకు దగ్గరి సంగతి కూడా. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు చుట్టుపక్కల ఎవరో ఒకరు కువైట్‌లోనో బహ్రెయిన్‌లోనో లేని వీధి వెతకాలి. 2011 ఫిబ్రవరి 15న బహ్రెయిన్‌లో ముత్యం బొమ్మ ఉండే సర్కిల్ దగ్గర జనం చేరారు. మార్చి 14న సౌదీ సేనలు వంతెన దాటి వచ్చాయి, 18న ఆ ముత్యం స్తంభాన్నే కూల్చేశారు. ఇరాన్ చేయిస్తోందని పాలకులు అన్నారు. తామే వేసిన విచారణ కమిషన్ ఆ నవంబరులో అందుకు ఆధారం కనపడలేదని రాసింది. ఆ దేశం పోలీసుల్లో పాకిస్తాన్ లాంటి బయటి దేశాల నుంచి తెచ్చిన మనుషులు చాలామంది ఉన్నారు, ఆ కోపం ఏ పాపం తెలియని వలస కూలీల మీద కూడా పడి దెబ్బలు తిన్నారు. స్తంభం కూల్చేటప్పుడు మీద పడి చచ్చిపోయింది కూడా ఒక వలస కార్మికుడే.

అలాంటి చోట బతికే మనవాళ్లకు బయటివాడనే పేరు కూడా ఒక సుఖం కాదు. పాస్‌పోర్టు తరచు యజమాని దగ్గర ఉంటుంది, అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, అకామా, ఆయన చేతిలో ఉంటుంది. 2022 జూన్‌లో ఫహాహీల్‌లో ప్రదర్శన చేసిన విదేశీయులను పట్టుకుని పంపించేస్తామని, మళ్లీ రానివ్వమని కువైట్ ప్రకటించింది. కాబట్టి అక్కడ ఏం జరిగినా అక్కడున్నవాడు మాట్లాడడు. ఇంటికి ఫోన్ చేస్తాడు. "ఏం లేదమ్మా, అంతా బాగుంది, టీవీలో చూపించేదంతా నమ్మద్దు" అంటాడు. వంటమనిషిగా వెళ్లిన ఆడకూతురు అయితే యజమానురాలు పక్కనే ఉందని ఇంకా చిన్న గొంతుతో అంటుంది. రాయచోటిలో ఫోన్ పట్టుకున్న తల్లి ఆ మాటలు నమ్మదు. తిన్నావా అని అడుగుతుంది, మళ్లీ అడుగుతుంది, జవాబు రావడానికి పట్టిన సమయాన్ని లెక్కపెడుతుంది. ఫోన్ పెట్టేశాక ఆ రాత్రికి పక్కింటికి వెళ్లి, అక్కడి నుంచి ఈ మధ్యనే తిరిగొచ్చినవాళ్లను పట్టుకుని అసలు సంగతి ఏమిటని అడుగుతుంది.